జెంకిన్స్‌లో టెస్ట్ స్టేజ్ అవసరమైనప్పుడే నడవాలంటే ఎలా?

అన్నలూ అక్కలూ, ఆమదాలవలస నుంచి అడుగుతున్నాను. ఇంట్లో పాత లాప్‌టాప్ మీద జెంకిన్స్ (బిల్డు, టెస్టులు వాటంతటవే నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి చిన్న ఆండ్రాయిడ్ యాప్ బిల్డ్ చేస్తున్నాను. రీడ్‌మీలో (యాప్ గురించి వివరణ రాసే ఫైల్) ఒక్క అక్షరం దిద్దినా గ్రేడిల్ (బిల్డ్ టూల్) టెస్టులన్నీ మొదలై 22 నిమిషాలు తినేస్తున్నాయి. ఈలోపు కరెంటు పోయిందా, మళ్లీ మొదటికే.

అందుకని జెంకిన్స్‌ఫైల్‌లో (బిల్డు స్టేజ్‌లు రాసుకునే ఫైల్), స్టేజ్ ఎప్పుడు నడవాలో చెప్పే 'వెన్' బ్లాకులో 'చేంజ్‌సెట్' (ఏ ఫైళ్లు మారాయో చూసే షరతు) పెట్టి, కోడ్ ఫోల్డర్ మారితేనే టెస్ట్ స్టేజ్ నడవమన్నాను. బాగానే ఉంది గానీ, కొత్త బ్రాంచ్ (కోడ్‌కి విడి శాఖ) తీసిన ప్రతిసారీ మొదటి బిల్డులో టెస్టులు ఎగ్గొట్టి దర్జాగా పచ్చరంగు చూపిస్తోంది! పోల్చడానికి ముందు బిల్డ్ లేక మార్పుల జాబితా ఖాళీగా వస్తోందట.

'ఎనీఆఫ్'లో (ఏ ఒక్క షరతు కుదిరినా చాలనేది) బిల్డ్ నంబర్ 1 అయినా నడపమంటే సరిపోతుందా? మరి మొదటిది ఫెయిలై, రెండోది ఉత్త రీడ్‌మీ మార్పయితే? మెయిన్ బ్రాంచ్‌తో గిట్ డిఫ్ (రెండింటి కోడ్ తేడా) తీసి చూడటమే మేలా? ఇలా చేసినవాళ్లు మీ జెంకిన్స్‌ఫైల్ ముక్క కాస్త పెట్టండి, పుణ్యముంటుంది.