స్టెయిన్‌బెక్ సనోరా బాబ్‌కు బాకీ పడ్డాడా?

పాతపుస్తకం:

జాన్ స్టెయిన్‌బెక్ 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నాకు ఇరవై ఏళ్లుగా ప్రాణం. ఓక్లహోమాలో సాగుభూమి నుంచి గెంటివేతకు గురైన జోడ్ కుటుంబం, ఉన్నదంతా ఒక డొక్కు బండిలోకి ఎక్కించుకుని కూలి కోసం కాలిఫోర్నియాకు వెళ్లే కథ అది. 1939 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన నవల అదే. 1940లో పులిట్జర్ బహుమతి తెచ్చిపెట్టింది. 1962లో ఆయనకు నోబెల్ వచ్చినప్పుడూ అందరూ ముందుగా తలచుకున్నది దాన్నే.

గత నెలలో సనోరా బాబ్ నవల 'హూజ్ నేమ్స్ ఆర్ అన్‌నోన్' చదివాను. అదే కాలం, అదే వలస, అవే గుడారాలు. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

ఆమె గురించి తెలియనివారి కోసం చెబుతాను. 1938లో బాబ్ కాలిఫోర్నియాలో వలస కూలీల శిబిరాల్లో స్వచ్ఛందంగా పనిచేసింది. ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ నడిపిన శిబిరాలవి. టామ్ కాలిన్స్ అనే అధికారితో కలిసి గుడారం గుడారానికీ తిరిగేది. ఎవరు ఏమి తిన్నారు, ఎవరికి ఎంత కూలి ముట్టింది, ఎవరి బిడ్డకు జబ్బు చేసింది, అన్నీ రాసుకునేది. ఆ రాతలను స్టెయిన్‌బెక్‌కు ఇవ్వమని కాలిన్స్ అడిగాడు. ఆమె ఇచ్చింది. ఆమె కూడా అప్పటికే అదే అనుభవంతో నవల రాస్తోంది. కొన్ని అధ్యాయాలు చూసిన రాండమ్ హౌస్ అధిపతి బెనెట్ సెర్ఫ్‌కు అవి నచ్చాయి. ఇంతలో స్టెయిన్‌బెక్ నవల వచ్చి దేశాన్ని ఊపేసింది. ఒకే విషయం మీద రెండో పుస్తకం ఇప్పుడు నిలబడదని సెర్ఫ్ వెనక్కి తగ్గాడు.

బాబ్ నవల అచ్చయింది 2004లో. అప్పటికి ఆమెకు తొంభై ఏడేళ్లు. మరుసటి ఏడాది చివరి రోజున కన్నుమూసింది.

నా మాట సూటిగా చెబుతున్నాను. స్టెయిన్‌బెక్ ఆమెకు అన్యాయం చేశాడు. ఆయన తన పుస్తకాన్ని ఇద్దరికి అంకితమిచ్చాడు: భార్య కేరల్‌కు, ఆ జీవితాన్ని జీవించిన టామ్‌కు. బాబ్ పేరు ఎక్కడా లేదు.

చిత్తుప్రతి:

పాతపుస్తకం గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీరు సగం కథే చెప్పారు. బాబ్ ఆ శిబిరాల్లో అడుగు పెట్టడానికి రెండేళ్ల ముందే, 1936లో, స్టెయిన్‌బెక్ వాటిలో తిరిగాడు. శాన్ ఫ్రాన్సిస్కో న్యూస్ పత్రికకు ఆ అక్టోబరులో వరుసగా ఏడు వ్యాసాలు రాశాడు. కాలిన్స్‌తో ఆయన పరిచయం అప్పటిది. 1938 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని వైసేలియా దగ్గర వరదల్లో కూలీలు ఆకలితో అల్లాడుతుంటే కాలిన్స్‌తో కలిసి వెళ్లి బురదలో పనిచేశాడు. ఆ కోపంతో రాసిన ఒక వ్యంగ్య రచన బాగా రాలేదని తానే నాశనం చేశాడు. ఆ తర్వాతే ఈ నవల మొదలుపెట్టి, ఆ ఏడాది అక్టోబరు చివర్లో ముగించాడు. అంత మంట సొంతంగా ఉన్నవాడు ఇంకొకరి నోటు పుస్తకం మీద ఆధారపడ్డాడంటే నేను నమ్మను.

పైగా ప్రచురణ ఆపింది సెర్ఫ్. ఆ నిర్ణయంలో స్టెయిన్‌బెక్ చేయి లేదు. వ్యాపారి లెక్కను రచయిత నెత్తిన రుద్దకండి.

గోదావరి గట్టు:

రెండు నవలలూ పక్కపక్కన పెట్టుకుని చదివినదాన్ని కాబట్టి ఒక మాట. స్టెయిన్‌బెక్ జోడ్ కుటుంబాన్ని సాలిసా పట్టణం దగ్గర పెట్టాడు. అది ఓక్లహోమా తూర్పు అంచు. నేలను ఎత్తుకుపోయిన అసలు దుమ్ము తుపానులు రేగింది పడమటి వైపు. బాబ్ పుట్టింది ఓక్లహోమాలో, పెరిగింది అక్కడా కొలరాడోలోనూ; చిన్నప్పుడు తాతతో కలిసి నేలలో తవ్విన ఇంట్లో ఉంది. ఆమె నవల మొదటి సగమంతా ఆ ఎండిన మెట్ట నేలే. దుమ్ము తుపాను రోజుల్లో ఆ నవలలోని ఇల్లాలు జూలియా రాసుకున్న దినచర్య ఒక అధ్యాయంలో వస్తుంది. బాబ్ తల్లి రాసిన ఉత్తరాలు దానికి ఆధారం. గిన్నెల్లో, పరుపుల్లో, పిల్లల గొంతుల్లో దుమ్ము. పోలిక కోసం స్టెయిన్‌బెక్‌ను మళ్లీ తెరిస్తే ఆయన దుమ్ము అందంగా, దూరంగా, దాదాపు పురాణంలా ఉంది. ఆ రోజుల్లో ఇల్లు ఊడ్చిన మనిషి కనిపించదు.

కాబట్టి దొంగతనం అనే మాట నిలవదు. ఇవి రెండు వేర్వేరు కళ్లు.

పాతపుస్తకం:

గోదావరి గట్టు గారూ, మీరు చెప్పిన తేడా నిజమే. కానీ అది మొదటి సగం గురించి. బాబ్ ఇచ్చిన రాతలు కాలిఫోర్నియా శిబిరాల గురించి. ఓక్లహోమా దుమ్ములో తేడా ఉన్నందుకు శిబిరాల విషయంలో అప్పు లేదని ఎలా తేలుతుంది? ఆయన ఎంత వాడుకున్నాడన్నది పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆమె శిబిరాల రాతలు 2007లో పుస్తకంగా కూడా వచ్చాయి, ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు.

చిత్తుప్రతి గారి మాటతో ఒక మెట్టు దిగుతాను. దొంగ అనను. బాకీ అంటాను. స్టెయిన్‌బెక్ 1968 దాకా బతికాడు. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో ఆ నవల ఎన్నిసార్లు పునర్ముద్రణ పొందిందో! ఏదో ఒక ముద్రణలో, ముందుమాటలో, ఒక్క వాక్యం చాలు. నోబెల్ వచ్చినప్పుడు మీరు దీనికి అర్హులేనా అని విలేకరి అడిగితే, నిజం చెప్పాలంటే కాదు అని జవాబిచ్చిన మనిషి ఆయన. అంత నిజాయితీ ఉన్నవాడి దగ్గర ఆ వాక్యాన్ని ఆశించడం తప్పా?

చిత్తుప్రతి:

బాకీ అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ కాలిన్స్ పంపిన నివేదికల కట్టలో ఎవరు ఏ పేజీ రాశారో ఆయన విడదీసి చూసుకున్నాడా? అడగవలసిన బాధ్యత ఆయనదే, అది కాదనను. ఆనాటి పాత్రికేయంలో క్షేత్రంలో తిరిగేవారి పేర్లు అచ్చుకు ఎక్కకపోవడం రివాజు. రివాజును ఆయన దాటలేదు, అంతవరకే నా అభియోగం.

మట్టివాసన:

రివాజు అన్న మాట దగ్గర ఆగలేకపోయాను. మాది పాలమూరు. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ కోసం ఇటుక బట్టీలకు వలసపోయే కుటుంబాల వివరాలు సేకరించాను. నాలుగు నెలలు. రాత్రి బట్టీ దగ్గరే కూర్చుని ఆడవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. నివేదిక అచ్చయ్యాక చూస్తే నా వాక్యాలు యథాతథంగా ఉన్నాయి, కింద ఇంకెవరి పేరో ఉంది. అడిగితే అలాగే వేస్తాం అన్నారు. అంటే రివాజు.

అయితే పాతపుస్తకం గారితోనూ నాకు పేచీ ఉంది. మనం ఇక్కడ స్టెయిన్‌బెక్‌దా, బాబ్‌దా అని పంచుకుంటున్నాం. బాబ్ నవల పేరు ఎక్కడిదో తెలుసు కదా? కూలీలను ఇళ్లనుంచి ఖాళీ చేయించే నోటీసులోది. అసలు పేర్లు తెలియని ఫలానా ఫలానా వ్యక్తులు అని రాసి తలుపుకు అంటించేవారు. బాబ్ ఆ మాటనే శీర్షిక చేసింది. మనుషుల్ని ఆమె అక్కడినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. స్టెయిన్‌బెక్ నవలలో మెక్సికన్, ఫిలిప్పీన్ కూలీలు దాదాపు కనబడరు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆ తోటల్లో పనిచేస్తున్నది వాళ్లే.

గోదావరి గట్టు:

మట్టివాసన గారూ, ఆ సంగతి నేను గమనించనే లేదు. అడగవచ్చో లేదో, మీ కాగితాలు ఏమయ్యాయి?

మట్టివాసన:

నా దగ్గరే ఉన్నాయి, రెండు నోటు పుస్తకాలు. మొదటి పేజీలోనే మాట్లాడిన వాళ్ల పేర్లు, ఊర్లు వరుసగా రాసుకున్నాను. మొత్తం ముప్పై ఒక్క మంది. నివేదికలో ఒక్క పేరూ లేదు. మీరు అడిగాక ఇవాళ తీసి చూశాను, పెన్సిలు రాత కొంచెం మసకబారింది. రేపటినుంచి సిరాతో దిద్దుతాను.