ఒకే మండలం, ఇద్దరు ఎంఈవోలు: మీ దగ్గర ఏ కాగితం మీద ఎవరి సంతకం?

కోనసీమ హెచ్‌ఎం

అందరికీ నమస్కారం. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో హెడ్‌మాస్టర్‌గా పనిచేస్తున్నాను. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మండలానికి రెండో ఎంఈవో (మండల విద్యాధికారి) పోస్టు మంజూరైంది, మొత్తం 679. అప్పుడు మేమంతా సంతోషించాం. జీతాల బిల్లులు, మధ్యాహ్న భోజనం, యూడైస్ (బడుల గణాంకాల) వివరాలు, వారానికి రెండు మీటింగులు ఒక్కరి నెత్తిన పెడితే ఆయన బడికి వచ్చి పిల్లల చేత చదివించి చూసేదెప్పుడు?

ఇప్పుడు ఇద్దరున్నారు, ఇద్దరూ మంచివాళ్లే. అయితే మా మండలంలో పని పంచుకున్నది నోటిమాటగానే. మా బడి టీచరమ్మ ఆపరేషన్ చేయించుకుని కమ్యూటెడ్ లీవు పెట్టారు. "మీ బడులు రెండో సార్ చూస్తున్నారు కదా, అక్కడ పెట్టండి" అన్నారు ఒకరు. "నాకు డీడీవో (జీతాల బిల్లు పెట్టే అధికారి) లాగిన్ లేదు, బిల్లు నా చేతిలో లేదు" అన్నారు ఇంకొకరు. ఈలోగా బిల్లు గడువు దాటిపోయి ఆవిడకు ఆ నెల జీతం ఆగింది. ఆపరేషన్ ఖర్చు మీద ఈ టెన్షన్ ఒకటి.

మీ మండలాల్లో పని పంపకం రాతపూర్వకంగా ఉందా? ఉంటే ఎలా రాశారు? మా సంఘం తరఫున డీఈవో (జిల్లా విద్యాధికారి) గారికి అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం.

రిటైర్డ్ సూపరింటెండెంట్

మాస్టారూ, నా సర్వీసులో ఎక్కువ భాగం జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లోనే గడిచింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా చూసుకోవాల్సింది నియామకాధికారి ఎవరని. ఎస్జీటీలకు (సెకండరీ గ్రేడ్ టీచర్లకు), స్కూల్ అసిస్టెంట్లకు డీఈవో. హైస్కూల్ హెచ్‌ఎంలకు ఆర్జేడీ (ప్రాంతీయ సంయుక్త సంచాలకులు). రాజ్యాంగం 311(1) అధికరణ ప్రకారం, నియమించిన అధికారి కంటే కింది స్థాయి వారు ఉద్యోగిని డిస్మిస్ చేయడానికి, తొలగించడానికి వీల్లేదు. 1991 సీసీఏ రూల్స్‌లో (ఉద్యోగుల క్రమశిక్షణ నియమాల్లో) ఏ శిక్ష ఎవరు వేయాలి, అప్పీలు ఎవరికి చేసుకోవాలి అన్నదంతా దీన్ని పునాదిగా చేసుకునే ఉంటుంది. ఈ అధికారాన్ని సౌకర్యం కోసం కిందికి దించడానికి కుదరదు.

సెలవులు, ఇంక్రిమెంట్లు, తనిఖీలు, పథకాల పర్యవేక్షణ లాంటివి పంచుకోవచ్చు. పంచాలి కూడా. అయితే ఆ పంపకం ప్రొసీడింగ్స్ (అధికారిక ఉత్తర్వు) రూపంలో, నంబరు, తేదీతో ఉండాలి. నోటిమాట మీద నడిచిన ఫైలుకు రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తే సమాధానం చెప్పాల్సింది సంతకం పెట్టినవారే. అందుకే అధికారులు సంతకానికి వెనకాడతారు. దాన్ని నేను సోమరితనం అనను, భయం అంటాను. ఆ భయం పోవాలంటే వాళ్ల చేతిలో కాగితం ఉండాలి.

మీ టీచరమ్మ విషయంలో నాకు కనిపించిన లోపం ఇదే. పర్యవేక్షణ ఒకరికి ఇచ్చి బిల్లు చేసే అధికారం ఇంకొకరి దగ్గరే ఉంచినప్పుడు, మొదటివారు ఫార్వర్డ్ చేస్తే రెండోవారు తప్పకుండా తీసుకోవాలన్న వాక్యం ఆ ప్రొసీడింగ్స్‌లో ఉండి తీరాలి.

పాలమూరు సార్

మీ దిక్కు ఇద్దరున్నారని బాధ. మా దిక్కు ఏండ్ల తరబడి ఒక్కరు కూడా సరిగ్గా లేరు సార్.

తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయినయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. జిల్లాకు ఒక డీఈవో కుర్చీ వచ్చింది కానీ అందులో రెగ్యులర్ అధికారి కూర్చున్నది కొన్ని చోట్లనే. మండలాల్లో హైస్కూల్ హెచ్‌ఎంకే ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) ఇచ్చేవారు. నాకు తెలిసిన ఒక హెచ్‌ఎం తన బడి నడుపుకుంటూ పక్క మండలాలకు కూడా ఎంఈవోగా చేసిన్రు. ఆయన బడిలో గణితం చెప్పే సమయమంతా బిల్లులకే పోయింది.

దీని వెనక ఉన్నది సర్వీస్ రూల్స్ తగాదా. ఎంఈవో, డిప్యూటీ ఈవో (ఉప విద్యాధికారి) ప్రమోషన్లు ప్రభుత్వ టీచర్లకా, పంచాయతీరాజ్ టీచర్లకా అన్న ప్రశ్న 1998 నుంచి నడుస్తున్నది. ఇద్దరికీ కలిపి ఏకీకృత రూల్స్ కోసం 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి, 2018లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఎవరి వాదనలో ఎంత న్యాయం ఉందో ఇక్కడ తేల్చలేం. కానీ ఆ ఏండ్లన్నీ తనిఖీ లేక నష్టపోయింది మాత్రం ప్రాథమిక బడుల పిల్లలే. ఇన్‌చార్జి అధికారి గట్టిగా మాట్లాడలేడు. రేపు మళ్లీ తోటి హెచ్‌ఎంగా అదే మీటింగులో పక్కన కూర్చోవాలె కదా.

జడ్పీ స్కూల్ మేడం

కోనసీమ హెచ్‌ఎం గారూ, మనది ఒకే జిల్లా. ఎంఈవోల సంగతి అలా ఉంచితే, జిల్లా స్థాయిలో పంపకం చూడండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మన డీఈవో ఆఫీసు అమలాపురంలో ఉంది. జిల్లా పరిషత్తులు మాత్రం విడిపోలేదు కాబట్టి మన పీఎఫ్ ఖాతా కాకినాడ జడ్పీలోనే ఉంది. నియామకాలూ అంతే, 2025 మెగా డీఎస్సీ కూడా పాత 13 జిల్లాల లెక్కనే జరిగింది.

మా అమ్మాయి పెళ్లికి పీఎఫ్ లోన్ పెట్టినప్పుడు అర్థమైంది నాకు. సర్వీస్ రిజిస్టరు ఒక చోట, బిల్లు ఇంకో చోట, డబ్బు మరో ఊళ్లో. ప్రతి చోటా గుమాస్తాలు మర్యాదగానే మాట్లాడారు. "మా దగ్గర ఆగలేదండీ" అని అందరూ అన్నారు, నిజమే కూడా. దారిలో ఎక్కడో ఆగింది. పెళ్లి అయ్యాక వచ్చింది.

మున్సిపల్ టీచర్

మాది ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో 84వ నంబరు జీవోతో మున్సిపల్ బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది. భవనాలు, స్థలాలు మున్సిపాలిటీవే. అప్పట్లో మా సంఘాలు ఎందుకు వ్యతిరేకించాయో బయటివాళ్లకు అర్థం కాలేదు.

బడికి నీళ్లు రాకపోతే ఎవరిని అడగాలి? మునుపు కమిషనర్ గారికి చెబితే ఇంజినీరింగ్ విభాగం వాళ్లు అదే రోజు వచ్చేవారు, ఎందుకంటే మేమూ వాళ్ల మనుషులమే. ఇప్పుడు మేం విద్యాశాఖకు రాస్తే, వాళ్లు మున్సిపాలిటీకి రాయాలి. మార్పు వల్ల మేలు జరగలేదనను. సబ్జెక్టు టీచర్ల సర్దుబాటు తేలికైంది, శిక్షణలకు పిలుపు తప్పకుండా వస్తోంది. కానీ మనుషుల మీద అధికారం ఒక శాఖకు, గోడల మీద ఇంకో శాఖకు ఇచ్చినప్పుడు మరమ్మతుల బాధ్యత ఎవరిదో అప్పుడే గట్టిగా రాసి ఉండాల్సింది.

మన్యం బడి

ఆశ్రమ పాఠశాలలో చేస్తున్నాను. మాకు జీతం, బదిలీ, హాస్టల్ అన్నీ గిరిజన సంక్షేమ శాఖ. పైన ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పీవో అంటే ప్రాజెక్టు అధికారి, దగ్గర్లో ఏటీడబ్ల్యూవో అంటే సహాయ గిరిజన సంక్షేమాధికారి. పాఠ్యపుస్తకాలు, శిక్షణ, పదో తరగతి పరీక్షలు విద్యాశాఖ. పదో తరగతి ఫలితం తగ్గితే సంజాయిషీ రెండు వైపుల నుంచీ అడుగుతారు. లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉందని చెబితే మాత్రం వినాల్సింది ఒక శాఖే.

అయినా ఒకటి చెప్పాలి. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి ఐటీడీఏకు ఒక్క ఫోన్ చేస్తే వాహనం వస్తుంది. బడి, హాస్టల్, వైద్యం ఒకే అధికారి కింద ఉండటం వల్లే అది కుదురుతోంది. మా ప్రాంతంలో అధికారాన్ని మరీ ముక్కలు చేయకపోవడమే మంచిదని నా నమ్మకం.

పాలమూరు సార్

మన్యం సార్ చెప్పింది బాగుంది. మా దగ్గర 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిన్రు. మహిళా సంఘం అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. మా బడిలో బాత్రూం తలుపులు, కరెంటు పని ఎండాకాలం సెలవుల్లోనే అయినయి. చిన్న పనుల అధికారం బడి దాకా దిగితే ఎంఈవో ఒకరా ఇద్దరా అన్న ప్రశ్నే రాదు.

కోనసీమ హెచ్‌ఎం

అందరికీ ధన్యవాదాలు. సూపరింటెండెంట్ గారూ, అర్జీలో ఏం అడగాలో కాస్త రాసిస్తారా?

రిటైర్డ్ సూపరింటెండెంట్

రెండు పేజీల పట్టిక చాలు. ప్రతి పనికీ దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి, ఎవరు సిఫారసు చేయాలి, ఎవరు మంజూరు చేయాలి, ఆ అధికారి సెలవులో ఉంటే ఎవరు చూడాలి. సెలవులు, ఇంక్రిమెంటు, మెడికల్ రీయింబర్స్‌మెంట్, పీఎఫ్, సర్వీస్ రిజిస్టరు నమోదు, ఈ ఐదింటితో మొదలుపెట్టండి. డీఈవో సంతకంతో ప్రొసీడింగ్స్‌గా అడగండి, సర్క్యులర్‌గా వద్దు. ప్రతిని ఇద్దరు ఎంఈవోలకూ, ఖజానా ఆఫీసుకూ పంపమని చివర్లో రాయండి.

జడ్పీ స్కూల్ మేడం

ఆ పట్టికలో ఇంకో గడి పెట్టించండి సార్: ఎన్ని రోజుల్లో. పీఎఫ్ వరుసలో కాకినాడ పేరు కూడా రాయించండి, లేకపోతే అమలాపురం దగ్గరే ఆగిపోతుంది.

కోనసీమ హెచ్‌ఎం

రెండూ చేరుస్తాం మేడం. ముసాయిదా తయారయ్యాక ఇక్కడే పెడతాను, ఇవ్వడానికి ముందు అందరూ ఒకసారి చూడండి.