టర్బో పోలోకు ఏ క్లచ్, ఏ ప్రెషర్ ప్లేటు?

ప్రశ్న (విజయవాడ): నాది పోలో 1.0 టీఎస్ఐ, మాన్యువల్. కంపెనీ ఇచ్చిన టార్కు 175 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్ (ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్చి శక్తి పెంచడం) తరువాత 230 దాటింది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో, నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే ఇంజను వేగం ఎగబాకుతోంది, బండి మాత్రం అందుకోవడం లేదు, అంటే క్లచ్ జారుతోంది. ఆటోనగర్‌లో సిరామిక్ క్లచ్ ప్లేటు వేయమంటున్నారు. రోజూ ఇదే బండిలో బెంజ్ సర్కిల్ మీదుగా ఆఫీసుకు వెళ్లాలి. ఏది మేలు?

జవాబు (గుంటూరు): సిరామిక్ వద్దండీ, గట్టిగా చెబుతున్నాను. అది పట్టుకుంటే ఒక్కసారిగా పట్టుకుంటుంది. ట్రాఫిక్‌లో బండి కుదుపులతో కదులుతుంది, ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజను చక్రం) కూడా త్వరగా అరుగుతుంది. స్ప్రింగులున్న ఆర్గానిక్ ప్లేటే (మెత్తగా పట్టుకునే మామూలు రకం) ఉంచి, బిగింపు ఎక్కువున్న ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టే భాగం) వేయించండి. ప్లేటు అదే అయితే, బిగింపు 30 శాతం పెరిగితే క్లచ్ మోసే టార్కు కూడా 30 శాతం పెరుగుతుంది. అవసరానికి మించి మాత్రం పోవద్దు. పెడల్ బరువెక్కడం ఒక్కటే కాదు, తొక్కిన ప్రతిసారీ ఆ బలమంతా క్రాంక్‌షాఫ్ట్ (ఇంజను ప్రధాన ఇరుసు) ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగు మీద పడుతుంది. ఇంజనే పాడవుతుంది!

జవాబు (మంగళగిరి): గేర్‌బాక్స్ దించినప్పుడు క్రాంక్ వెనక ఆయిల్ సీలు తప్పక చూడండి. నూనె తగిలితే ఎంత మంచి ప్లేటైనా జారుతుంది. పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నొక్కే రిలీజ్ బేరింగు కూడా కొత్తదే వేయించండి.

విజయవాడ: ధన్యవాదాలండీ, ఆర్గానిక్‌కే వెళ్తాను. బిగించిన వారమే ట్రాకుకు వెళ్లవచ్చా?

గుంటూరు: వద్దండీ. కొత్త ప్లేటు కుదురుకోవాలి కాబట్టి ముందు ఊళ్లో గేర్లు మారుస్తూ, నెమ్మదిగా 800 కిలోమీటర్లు నడపండి. అప్పటిదాకా బూస్టు (టర్బో ఇంజనులోకి నెట్టే గాలి ఒత్తిడి) తగ్గించే ఉంచండి.