తమిళ సంవత్సరాది తైలోనా, చిత్తిరైలోనా?

చెన్నై తెలుగువాసి:
2008లో కరుణానిధి ప్రభుత్వం తై నెల మొదటి రోజును, అంటే పొంగల్ పండుగనాడే, తమిళ సంవత్సరాదిగా ప్రకటిస్తూ చట్టం చేసింది. 2011లో జయలలిత ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసి, ఏప్రిల్ నడుమ వచ్చే చిత్తిరై మొదటి రోజును పునరుద్ధరించింది. పాశ్చాత్యుల జనవరి 1కి ఇటువంటి పేచీ లేదు. ఈ రెండు రోజులలో ఏది సబబు?

తై పక్షం:
తై మొదటి రోజే సరైనది. పంట ఇంటికి చేరేదీ, సూర్యుడు ఉత్తరానికి మళ్ళేదీ అప్పుడే. ‘తై పిరందాల్ వళి పిరక్కుం’, అంటే తై పుడితే దారి పుడుతుందని తమిళులు ఊరికే అనలేదు. తమిళ కవి తిరువళ్ళువర్ పేరిట, క్రీస్తు శకానికి 31 కలిపి లెక్కించే తిరువళ్ళువర్ ఆండు (సంవత్సరం) కూడా తైతోనే మొదలవుతుంది. చిత్తిరైతో మారే ప్రభవ, విభవాది అరవై పేర్లు సంస్కృతానివి. పైగా అరవై ఏళ్ళకొకసారి మొదటికి వచ్చే ఆ లెక్కతో చరిత్ర రాయడం కష్టం.

పంచాంగ పాఠకుడు:
చరిత్ర రచనకు వరుస శకం కావాలన్న మాట ఒప్పుకుంటాను. అయితే అది ఏ శకం వాడాలన్న ప్రశ్నకు జవాబు అవుతుంది గాని, సంవత్సరం ఏ రోజున మొదలవ్వాలన్న ప్రశ్నకు కాదు.

ఉత్తరాయణం మాట మరింత జాగ్రత్తగా చూడాలి. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో. తై మొదలయ్యే మకర సంక్రమణం జనవరి 14 ప్రాంతానికి వస్తోంది. తమిళ సౌరమానం నక్షత్రాలను బట్టి సూర్యుని స్థానాన్ని కొలుస్తుంది కనుక, దాని సంవత్సరం రుతువుల సంవత్సరం కంటే ఇరవై నిమిషాలు ఎక్కువ, ఆ తేడా పేరుకొని సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున సంక్రమణాలన్నీ వెనుకబడుతున్నాయి. చిత్తిరై మొదలయ్యే మేష సంక్రమణం, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుతో కలిసింది సుమారు 1700 ఏళ్ళ క్రితం. కాబట్టి ప్రకృతిని సాక్ష్యానికి పిలిస్తే తై, చిత్తిరై రెండూ ఓడిపోతాయి.

మిగిలేది వాడుక. 2008 చట్టం అమలులో ఉన్నప్పుడు కూడా పంచాంగాలు సంవత్సర నామాన్ని చిత్తిరైలోనే మార్చాయి. మన ఉగాది చాంద్రమానం, వారిది సౌరమానం. అయినా 2024లో ఏప్రిల్ 9న మనకూ, 14న వారికీ మొదలైనది ఒకే క్రోధి నామ సంవత్సరం. ఇంత దూరం పాతుకున్న లెక్కను ఒక శాసనసభ తీర్మానం కదిలించలేకపోవడం సహజం.

తై పక్షం:
జనవరి 1ని ఇంగ్లండులో స్థిరపరచింది చట్టమే కదా? అక్కడ 1751 వరకు సంవత్సరం అధికారికంగా మార్చి 25న మొదలయ్యేది. చట్టం అక్కడ చెల్లినప్పుడు ఇక్కడ ఎందుకు చెల్లకూడదు?

పంచాంగ పాఠకుడు:
మీ ఉదాహరణే నా వాదానికి బలం. చట్టం రాకముందే ఇంగ్లండులో జనం జనవరి 1ని వాడుతూ వచ్చారు. జనవరి, మార్చి నడుమ తేదీలకు రెండు సంవత్సరాలనూ కలిపి రాసేవారు. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ శిరచ్ఛేదం జరిగిన జనవరి 30ని అప్పటి లెక్క 1648లో చేర్చింది, మనం 1649 అంటాము. పక్కనున్న స్కాట్లండు 1600లోనే మారిపోయింది. 1752 నాటి మార్పు ఆ అయోమయాన్ని తొలగించింది. 2008లో తమిళనాట అటువంటి అయోమయం లేదు, చట్టమే దానిని తెచ్చిపెట్టింది.

కేరళను చూడండి. అక్కడ మేష సంక్రమణాన్ని విషుగా జరుపుకుంటారు, కొల్లం శకపు సంవత్సరాన్ని మాత్రం ఆగస్టులో చింగం నెలతో మొదలుపెడతారు. పండుగకు పండుగ, లెక్కకు లెక్క. తై నెలకు పొంగల్ గౌరవమూ, తిరువళ్ళువర్ శకమూ ఉండగా, చిత్తిరై నుంచి పుత్తాండును, అంటే సంవత్సరాదిని, లాక్కోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.