విదేశీ విద్యార్థులతో కలిసి ఫోన్‌లో సినిమా: ఎడిటింగ్ ఒకవైపే ఉండొచ్చా?

గోదారిగట్టు:
మాది రాజమండ్రి దగ్గర. మా డిగ్రీ కాలేజీ, ఐరోపాలో ఒక కాలేజీ కలిసి ‘నీళ్లు’ అనే అంశం మీద ఆరు నిమిషాల సినిమా తీశాం. ఎవరి ఫోన్లతో వాళ్లు, ఎవరి ఊళ్లో వాళ్లు తీయాలి. ఎడిటింగ్ మాత్రం వాళ్ల దగ్గర.

జులైలో ధవళేశ్వరం గట్టు మీద తీశాం. పడవాయన ‘ఎర్రనీళ్లొచ్చేశాయి బాబూ, ఇంకేం!’ అని, పళ్లు లేవని సిగ్గుపడి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. గోదారోళ్లకి ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. వరద నీరు తగిలింది, ఇక సముద్రం నుంచి పులస ఎదురీదుకుంటూ వస్తుంది. మేం ఇంగ్లీషులో ‘ఎర్రనీళ్లు వచ్చాయి’ అని ఒక్క లైను రాసి పంపాం.

పూర్తయిన సినిమాలో ఏముందంటే, వాళ్ల ఊరి ఫ్యాక్టరీ గొట్టం, వెంటనే తువ్వాల్లో మొహం దాచుకున్న మా పడవాయన, వెనక సితార్. గోదారి విషమైపోయి ఆయన కుమిలిపోతున్నట్టుంది! నన్నడిగితే, ఎడిటింగ్ ఒకవైపే ఉంటే దాన్ని కలిసి తీయడం అనకూడదు. మనం ముడిసరుకు పంపామంతే. మీరేమంటారు?

ఓరుగల్లు_రీల్:
అన్నా, కోపమొస్తదేమో గానీ సగం తప్పు మీదే. ఒక్క లైను రాసి పంపితే ఆడ ఎడిటింగ్ చేసే పోరనికి ఏం తెలుస్తది? ఎర్రనీళ్ల ముచ్చట నాకే తెల్వది, ఇప్పుడు నీ పోస్టు సదివి తెలుసుకున్న. అవునూ, ఫుటేజీ ఎట్ల పంపిన్రు? వాట్సాప్‌లనా?

గోదారిగట్టు:
కొన్ని వాట్సాప్‌లోనే. గూగుల్ డ్రైవ్ నిండిపోయింది.

ఎడిట్‌బెంచ్:
అనుకున్నా. 4కె క్వాలిటీలో, సెకనుకు 30 ఫ్రేములు అయితే నిమిషానికి 170 ఎంబీ అని ఐఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఉచిత డ్రైవ్ 15 జీబీ గంటన్నరకే సరి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నలిగిపోయి వెళ్తుంది. ఫైలుగా, డాక్యుమెంటుగా పంపాలి.

లోపల ట్యూబులైటు కింద తీసినవి కూడా మినుకుమినుకుమని ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఐరోపాదీ అంతే. ఫోను మాత్రం మామూలుగా 30 ఫ్రేముల దగ్గర ఉంటుంది, రెండూ పొసగవు. 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 వంతు అని మొదటిరోజే రెండువైపులా ఒప్పుకోవాలి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే, ఇవన్నీ మనమే పెట్టుకోవచ్చు.

ఇక అసలు సంగతి. మంచి మెషీన్, చేయగలిగిన మనిషి ఎక్కడుంటే కట్, అంటే ఎడిటింగ్, అక్కడే. రెండు దేశాల నుంచి పన్నెండు మంది చేతులు పెట్టి కట్ చేసిన సినిమా నేను చూడలేదు, చూడదలుచుకోలేదు కూడా.

గోదారిగట్టు:
నవ్వు షాటులో ట్యూబులైటు లేదక్కా, ఎండ ఉంది.

ఎడిట్‌బెంచ్:
గాలి కూడా ఉండి ఉంటుంది. ఆడియో విడిగా తీశారా?

పాత_ప్రొజెక్టర్:
నేను రిటైరైన మాస్టార్ని, కాస్త పాతకాలం మాట చెబుతా. రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి మొహాన్ని ఓసారి సూపు గిన్నె పక్కన, ఓసారి శవపేటిక పక్కన అతికించాడు. జనం ఒకే మొహంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం చూశారంటారు. మీ పడవాయనకు జరిగిందీ అదే.

2015లో వచ్చిన ‘టాంజరీన్’ సినిమా ఐఫోన్ 5ఎస్‌తో తీశారని అందరూ చెబుతారు. ఎడిట్ చేసింది దర్శకుడు షాన్ బేకరేనని ఎవరూ చెప్పరు. ఫోను అందరి చేతికీ వచ్చింది గానీ కత్తెర ఇంకా రాలేదు. అందుకని ఫుటేజీ అంతా ఒకే ఫోల్డర్లో వేసి, వాళ్లొక కట్, మీరొక కట్ చేయండి. రెండూ వెంటవెంటనే ప్రదర్శించండి. న్యూజీలాండ్, ఇంగ్లండ్, ఫ్రాన్స్ పిల్లలు 2012 ప్రాంతంలోనే ఇలా ఫోన్లతో కలిసి పనిచేశారు. ఒకరికి తెల్లారితే ఇంకొకరికి పొద్దుగూకేది, అయినా పని నడిచింది.

ఓరుగల్లు_రీల్:
సార్, రెండు కట్‌లంటే రెండు సినిమాలే గదా! గప్పుడు కలిసి తీసినట్టెట్లయితది? ఎవలది వాళ్లు తీస్కున్నట్టే. మా దోస్తుల దగ్గర ల్యాప్‌టాపే లేదు, ఫోన్లనే ఎడిటింగ్. ఆ కట్టూ ఈ కట్టూ పక్కపక్కన ఏస్తే మనోళ్లదే ఎలవెలబోతది.

పాత_ప్రొజెక్టర్:
వెలవెలబోనీ బాబూ. పడవాయన నవ్వు ఉంటుందిగా.

ఎడిట్‌బెంచ్:
మాస్టారూ, అది విడాకుల పద్ధతి. నేనొప్పుకోను. రఫ్ కట్, అంటే మొదటి చిత్తు కూర్పు, చూపించకపోవడం మాత్రం వాళ్ల తప్పే. ఆ సితార్‌నైతే ఎప్పటికీ క్షమించను.

గోదారిగట్టు:
నిన్న రాత్రి వాళ్ల ఎడిటర్‌కి పేజీ నిండా రాశా. ఎర్రమట్టి, వరద, పులస, అన్నీ. పొద్దున్నే జవాబొచ్చింది. గాలి హోరు ఎక్కువుందని ఆడియో తీసేశాడట. భుజాలు అదురుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాడట. పాపం, నిజంగానే బాధపడ్డాడు. నేనేమో కావాలని చేశాడనుకున్నా. కట్ మళ్లీ తెరుస్తానన్నాడు, సబ్‌టైటిల్ నన్నే రాయమన్నాడు. రెండు లైన్లు, లైనుకి 42 అక్షరాలు. పులస సంగతి అందులో ఎలా ఇరికించాలి?

ఎడిటింగ్ గురించి నా మాట మాత్రం మారలేదు. అడిగితే తెరిచాడు. అడక్కపోతే?

ఓరుగల్లు_రీల్:
పులస పేరు రాయకే అన్నా. గూగుల్ల కొట్టి ధర చూసిండంటే కండ్లు తిరిగి పడ్తడు.

ఎడిట్‌బెంచ్:
‘వరదొచ్చింది, ఇక చేపలొస్తాయి’ అని రాయి. సరిపోతుంది.

గోదారిగట్టు:
వరద అంటే మళ్లీ ఏడుపే అనుకుంటాడక్కా.