అంతర్జాతీయ సదస్సులకు యూనివర్సిటీ గ్రాంట్లు: ఎవరి కోసం?

శేషాచలంవాసి:
మా క్యాంపస్‌లో మళ్లీ అంతర్జాతీయ సదస్సట. ఫ్లెక్సీలు, శాలువాలు, మెమెంటోలు, భోజనాలు. హాల్లో కూర్చునేది అటెండెన్స్ కోసం తోలుకొచ్చిన పిల్లలు. హాస్టల్లో నీళ్లకు కటకటగా ఉంటే గ్రాంటు వీటికా? తిరుపతి జనానికి ఒరిగేదేంటి?

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, ఆ డబ్బు నీళ్ల పైపులకు మళ్లదు. సామాజిక శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఐసీఎస్‌ఎస్‌ఆర్ సెమినార్‌కని ఇస్తే సెమినార్‌కే ఖర్చుపెట్టి, దేనికి వాడామో చూపే వినియోగ పత్రం పంపాలి, మిగిలింది వాపసు కట్టాలి. విదేశీ వ్యవహారాల సభలకు ఢిల్లీలోని ప్రపంచ వ్యవహారాల మండలి (ఐసీడబ్ల్యూఏ) కూడా ఇస్తుంది. మనం వద్దంటే ఇంకో ఊరివాళ్లు తీసుకుంటారు. ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయనానికి యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ మన శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో కేంద్రం పెట్టింది. ఆ చదువు నాలుగు గోడల మధ్యే ఉండాలా?

శేషాచలంవాసి:
ఇప్పుడున్నది అక్కడే కదా సార్! గేటు దగ్గరే ఐడీ కార్డు అడుగుతారు. పైగా హాలు, కరెంటు, అధ్యాపకుల టైమ్ మన ఖాతాలోవే.

బంగారుపాళ్యం మామిడి:
గ్రాంటు ఉండాల్సిందే అన్నా. టాపిక్కుల దగ్గరే నా పేచీ. మా తోతాపురి మామిడి గుజ్జు గల్ఫ్‌కు, యూరప్‌కు పోతుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్‌కు పోయే ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. 2025లో కాయ ధర పడిపోతే ఫ్యాక్టరీలు చెప్పిన కారణం, పాత గుజ్జు నిల్వలు, తగ్గిన ఎగుమతి ఆర్డర్లు. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం కిలోకు 12 రూపాయలని ప్రకటించారు. ఆ 8 కూడా అందరికీ ముట్టలేదు, అది వేరే గొడవ. ఎక్కడో యుద్ధమైతే ఇక్కడ కాయ ఎందుకు కుళ్లుతుందో రైతులకు తెలుగులో చెప్పే సభ పెట్టండి, ట్రాక్టర్లు కట్టుకుని వస్తాం.

పీలేరు అమ్మాయి:
కువైట్ సంగతీ పెట్టండి. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను ఈసీఆర్ పాస్‌పోర్టు (కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు) మీద అక్కడ ఇంటిపనికి పంపకూడదు. ఏజెంటు ఇది చెప్పడు. విదేశాంగ శాఖ రిటైరైన రాయబారులను యూనివర్సిటీలకు ఉపన్యాసాలకు పంపుతుంది. వాళ్లను మా అమ్మ ఒక ప్రశ్న అడగొచ్చా?

రిటైర్డ్ మాస్టారు:
అడగాలమ్మా. కానీ చిక్కు ఇదీ: అధ్యాపకుల ప్రమోషన్ల కోసం యూజీసీ 2018 నిబంధనల్లో ఇచ్చిన పాయింట్ల పట్టిక ప్రకారం దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సులో పత్రం చదివితే 5 పాయింట్లు, జాతీయమైతే 3. రైతులకు తెలుగులో చెబితే ఆ పట్టికలో ఏం రాసుకోవాలి? అందుకే ప్రతి ఫ్లెక్సీ మీదా ‘అంతర్జాతీయ’ ఉంటుంది.

శేషాచలంవాసి:
అసలు రోగం అదన్నమాట. అయితే ప్రపోజల్‌లోనే ఒక పూట పబ్లిక్‌కు, తెలుగులో, ఐడీ కార్డు లేకుండా అని రాయించండి. అప్పుడు నేనూ కుర్చీలు వేస్తా.

బంగారుపాళ్యం మామిడి:
ఆదివారం పెట్టండి. జూన్, జూలై మాత్రం వద్దు, కోతల్లో ఉంటాం.