11 నెలల పాప దోగాడటం లేదు, దేకుతోంది: ఆగాలా, చూపించాలా?

కాకినాడ అమ్మ

నమస్తే అండీ. మా పాపకి 11 నెలలు నిండి పది రోజులైంది. బాగా కూర్చుంటుంది, చేతికి అందిందల్లా లాగేస్తుంది, పిలిస్తే తిరిగి చూస్తుంది. కానీ దోగాడటం లేదు. ఎక్కడికైనా వెళ్లాలంటే కూర్చున్నది కూర్చున్నట్టే, ఒక చెయ్యి నేలకి ఆన్చి, ఒక కాలు మడిచి, రెండో కాలితో నేలని లాక్కుంటూ దేకుతుంది. హాల్లోంచి వంటింట్లోకి నాకంటే ముందే చేరిపోతుంది.

బోర్లా పడుకోబెడితే నిమిషం ఉండదు, ఒకటే ఏడుపు. అసలు బోర్లా పడటమే ఆలస్యం, ఏడో నెల దాటాక. అప్పుడు మా అత్తయ్యగారు బొబ్బట్లు చేసి వీధంతా పంచారు. పాకితే పాకుండలు చెయ్యాలని మూడు నెలలుగా బెల్లం కొని పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే "ఇవాళైనా పాకిందా?" అని అడుగుతారు. ఆవిడ మంచి మనిషే. కానీ ఆ మాట వినగానే నాకు కాఫీ కూడా గొంతు దిగట్లేదు.

కింద పోర్షన్ వాళ్ల బాబు మా పాపకంటే మూడు వారాలు చిన్న. గోడ పట్టుకుని నడిచేస్తున్నాడు. వాళ్లమ్మ రోజూ స్టేటస్‌లో వీడియో పెడుతుంది. టీకాకి వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగితే "అన్నీ అవే వస్తాయమ్మా" అని తల ఎత్తకుండానే చెప్పారు. బయట ముప్పైమంది కూర్చుని ఉన్నారు, ఆయన్నీ ఏమీ అనలేను.

ఇంకో మాట. పాప నెలలు నిండకుండా 35వ వారంలో పుట్టింది. రెండు కిలోల వంద గ్రాములు. నాలుగు రోజులు పెట్టెలో పెట్టారు. దానివల్ల ఏమైనా అయిందా అని రాత్రిళ్లు ఫోన్‌లో వెతకడం, భయపడటం. మా వారు వాకర్ ఆర్డర్ పెడదామంటున్నారు. కొనాలా? ఆగాలా? ఎవరికైనా చూపించాలా?

విజయనగరం నాన్న

టెన్షన్ వద్దండీ. మా వాడిని ఎనిమిదో నెలలోనే వాకర్‌లో వేశాం. ఇల్లంతా రయ్యిమని తిరిగేవాడు, మా ఆవిడకి వంట చేసుకునే తీరిక దొరికింది. ఏడాదికల్లా నడిచాడు. కొనెయ్యండి.

తణుకు పెద్దమ్మ

అమ్మాయీ, మా రెండోవాడు దేకి దేకి లాగుల వెనక చిల్లులు పెట్టాడు. దోగాడనే లేదు. ఏడాదిన్నరకి గానీ తప్పటడుగులు వెయ్యలేదు. అరిసెల పాకం రెండుసార్లు పట్టి రెండుసార్లూ మేమే తిన్నాం. ఇప్పుడు వాడు కాలేజీలో వాలీబాల్ ఆడతాడు. మీ ఆయన చిన్నప్పుడు ఎలా పాకాడో మీ అత్తగారిని అడిగి చూడు. ఇలాంటివి ఇంటి వరసలో ఉంటాయి.

నిజామాబాద్ ఫిజియో

నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని. పద్నాలుగేళ్లుగా నా ఆఫీసు ఒక చాప. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు లెక్క సరిచేద్దాం. పాప ఐదు వారాలు ముందు పుట్టింది. ఆ ఐదు వారాలు తీసేస్తే ఇప్పుడు తన వయసు పది నెలల ఐదు రోజులు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రెండేళ్లు వచ్చేదాకా మేం ఈ సవరించిన వయసుతోనే చూస్తాం. టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే లెక్క. కింద పోర్షన్ బాబు మీ పాపకంటే మూడు వారాలు చిన్న అన్నారు. వాడు నెలలు నిండి పుట్టి ఉంటే, మా లెక్కలో వాడే రెండు వారాలు పెద్ద. ఆ స్టేటస్ మ్యూట్ చెయ్యండి.

రెండోది, దోగాడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో 816 మంది పిల్లల్ని చూసి 2006లో ఒక పట్టిక ఇచ్చింది. మన ఢిల్లీ పిల్లలు కూడా అందులో ఉన్నారు. చేతులూ మోకాళ్లూ ఆన్చి దోగాడటం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని అందులో తేలింది. ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. నూటికి నలుగురికి కాస్త పైన, అంటే 4.3 శాతం పిల్లలు అసలు దోగాడనే లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లయితే 2022లో తమ పట్టికలోంచి దోగాడటాన్నే తీసేశారు. ఆ మార్పు నాకు నచ్చలేదు. దోగాడేటప్పుడు బిడ్డ భుజాల మీద బరువు మోస్తుంది, కుడి చేతికి ఎడమ మోకాలు జత చేస్తుంది, అరచెయ్యి పూర్తిగా విప్పుతుంది. ఇంత పని ఒక్క దెబ్బతో చేయించే వ్యాయామం నా దగ్గర ఇంకొకటి లేదు. అయినా దోగాడని పిల్లలు నడవరా అంటే, నడుస్తారు.

మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. పొట్ట మీద పాకడం వేరు, మోకాళ్ల మీద దోగాడటం వేరు, పిర్రల మీద దేకడం వేరు. దేకే పిల్లలు కొత్త కాదు కాబట్టే దానికి ఒక మాట ఉంది. వీళ్లలో చాలామందికి బోర్లా ఉండటం ఇష్టముండదు. చంకల కింద పట్టుకుని ఎత్తితే కాళ్లు కిందికి దించరు, గాల్లోనే కుర్చీ వేసుకున్నట్టు ముందుకి చాపుతారు. కాస్త ఒళ్లు వదులుగా ఉంటుంది, నడక మిగతా పిల్లలకంటే ఆలస్యం. పెద్దమ్మగారు చెప్పిన ఇంటి వరస సంగతి నిజమే, నా దగ్గరికి వచ్చే తండ్రులు సగం సిగ్గుపడుతూ ఒప్పుకుంటారు.

అయితే మీరు రాసిన దాంట్లో ఒక్క మాట దగ్గర నేను ఆగాను. "ఒక చెయ్యి నేలకి ఆన్చి" అన్నారు. ఎప్పుడూ అదే చెయ్యా? దేకే పిల్లలు ఒక పక్కకి వాలి దేకడం మామూలే. కానీ రెండో చెయ్యి ఏం చేస్తోందో చూడాలి. ఏడాది లోపు బిడ్డకి కుడివాటం, ఎడమవాటం ఉండకూడదు. ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించి ఉన్నా, ఒక కాలు బిగుసుకుని ఉన్నా, దాన్ని "అన్నీ అవే వస్తాయి" అని వదలకూడదు. నా చాప మీదికి రెండున్నరేళ్లకి వచ్చిన ఒక బాబుని "మావాడు ఎడమచేతివాటం" అని ఆర్నెల్ల వయసు నుంచీ మురిసిపోతూ పెంచారు. కుడి చెయ్యి పనిచెయ్యక ఎడమ చెయ్యి వాడుతున్నాడని ఎవరికీ తట్టలేదు. ఆ కేసు తర్వాత నేను ఏ బిడ్డనైనా మొదట చేతులే చూస్తున్నాను.

ఇంట్లో ఇవి చూసి రాయండి. చిన్న మెత్తటి ఇడ్లీ ముక్క పళ్లెంలో పెట్టండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి తీస్తోందా, లేక గుప్పిటతో ఊడ్చేస్తోందా? కుడి పక్క పెట్టినప్పుడు కుడి చేత్తో, ఎడమ పక్క పెట్టినప్పుడు ఎడమ చేత్తో అందుకుంటోందా? రెండు చేతుల్లో రెండు గిన్నెలు పట్టుకుని కొట్టుకుంటోందా? పాప చూస్తుండగా గిలక మీద రుమాలు కప్పితే, రుమాలు లాగి వెతుకుతోందా? వెనకనుంచి మెల్లగా చెంచా మోగిస్తే తిరుగుతోందా? నిలబెడితే పాదాలు ఆన్చుతోందా, మునివేళ్ల మీదే ఉంటోందా? ముఖ్యంగా, నిన్నటిదాకా చేసింది ఏదైనా ఇవాళ మానేసిందా? చివరిదానికి "అవును" అయితే వెంటనే వెళ్లాలి, నా జవాబు కోసం కూడా ఆగకండి.

వాకర్ వద్దు. విజయనగరం నాన్నగారికి కోపం రాకూడదు, మీ వాడు నడిచింది వాకర్ వల్ల కాదు, వాకర్ ఉన్నా నడిచాడు. అందులో బిడ్డకి తన పాదాలు కనపడవు, మునివేళ్లతో తోస్తుంది, తూలితే సర్దుకునే అవసరమే రాదు. మెట్లు, వేడి గిన్నెలు, బకెట్ల దగ్గరికి మాత్రం చాలా త్వరగా చేరుస్తుంది. కెనడాలో 2004 నుంచి వాటిని అమ్మడమే నిషేధం. ఏదైనా కొనాలని మీ వారికి చెయ్యి దురదగా ఉంటే, నిలబడ్డాక తోసుకుంటూ నడిచే మూడు చక్రాల కొయ్యబండి కొనమనండి. ఇప్పుడే కాదు, లేచి నిలబడటం మొదలుపెట్టాక.

ఇప్పుడు చెయ్యాల్సింది నేల మీద. మీ ఇంట్లో టైల్స్ అనుకుంటాను. మోకాలు జారే చోట ఏ బిడ్డా దోగాడదు. ఈత చాప గానీ, పాత జంపఖానా గానీ పరవండి, సాక్సు తీసెయ్యండి. మీరు కాళ్లు చాపుకుని కూర్చుని, మీ తొడ మీద అడ్డంగా పాపని బోర్లా వెయ్యండి, చేతులు అవతల నేలకి ఆనాలి. ముందు స్టీలు పళ్లెం పెట్టండి, అందులో తన మొహం తనకి కనిపిస్తే కాసేపు ఏడుపు మర్చిపోతుంది. రెండు నిమిషాలు చాలు, రోజుకి ఐదారుసార్లు. మన అమ్మమ్మలు కాళ్ల మీద బోర్లా వేసుకుని నలుగు పెట్టి నీళ్లు పోసేవాళ్లు కదా, సగం పని అక్కడే అయిపోయేది. (పడుకోబెట్టడం మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. బోర్లా వెయ్యడం మెలకువగా, మీ కళ్ల ముందు ఉన్నప్పుడే.) కూర్చున్నప్పుడు బొమ్మ ముందు పెట్టకండి, పక్కన కాస్త దూరంగా పెట్టండి. నడుం తిప్పి రెండు చేతులూ ఆన్చితేనే అందాలి. చేతులూ మోకాళ్ల మీదికి వచ్చే దారి అదే.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, నాకు చాలా ఇష్టమైన సంగతి. పుట్టిన పిల్లల్ని నిలువుగా పట్టుకుని పాదాలు ఆనిస్తే అడుగులు వేస్తారు. రెండు నెలలకల్లా అది మాయమైపోతుంది. మెదడు ఎదిగి దాన్ని అణిచేస్తుందని అనుకునేవాళ్లు. ఎస్తర్ థెలెన్ అనే అమెరికా శాస్త్రవేత్త, తన తోటివాళ్లతో కలిసి, అడుగులు మానేసే వయసు పిల్లల్ని ఛాతీదాకా నీళ్లలో నిలబెట్టింది. అడుగులు మళ్లీ పెరిగాయి. ఇంకా వేస్తున్న పిల్లల కాళ్లకి చిన్న బరువులు కడితే తగ్గిపోయాయి. 1984లో ఆ ఫలితాలు వచ్చాయి. అంటే బిడ్డ కాళ్లు కొవ్వు పట్టి బరువెక్కాయి, కండ ఇంకా దాన్ని ఎత్తలేకపోయింది, అంతే. మీ అత్తగారికి ఇది చెప్పండి. పాప మొండికెయ్యట్లేదు, తన ఒంటి బరువుకీ బలానికీ తగిన దారి తను వెతుక్కుంది.

చూపించాలా అంటే, చూపించండి. భయపడి కాదు. నెల తక్కువ బిడ్డ, దేకుతోంది, ఒక పక్కకి వాలుతోంది కాబట్టి ఎవరో ఒకరు చాప మీద కూర్చుని అరగంట చూడాలి, తుంటి కీళ్లు కూడా చూడాలి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే పట్టి చూసే కేంద్రం, ఎక్కడని అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టిన కేంద్రాలవి, డబ్బు తీసుకోరు. దేకే వీడియో ముందూ వెనకా నుంచి తీసి పట్టుకెళ్లండి, అక్కడికి వెళ్లగానే పిల్లలు కదలరు. ఎంసీపీ కార్డు (టీకాలు, బరువు రాసే తల్లీబిడ్డల కార్డు), డిశ్చార్జి కాగితం మర్చిపోవద్దు. డాక్టరు రాసిన ఐరన్, డి విటమిన్ చుక్కలు మధ్యలో ఆపేశారేమో కూడా చూసుకోండి.

కాకినాడ అమ్మ

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి మేడమ్. పన్నెండు రోజులైంది.

ఇడ్లీ ముక్క రెండు వేళ్లతో తీస్తోంది. రుమాలు లాగి పారేస్తోంది. గిన్నెలు కొట్టుకోవడం నేర్పినందుకు పక్కింటివాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటూ ఉంటారు. ఎప్పుడూ ఎడమ చెయ్యే ఆన్చుతోంది, మీరు అడిగేదాకా నేను గమనించనే లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చుక్కల సంగతి కూడా నిజమే, డి విటమిన్ సీసా అయిపోయి నెలన్నర అయింది, మళ్లీ కొనలేదు.

గురువారం డీఈఐసీకి వెళ్లాం. ఒకావిడ నిజంగానే చాప మీద కూర్చుని పాపతో ముప్పావుగంట ఆడింది. రెండు చేతులూ, రెండు కాళ్లూ సమంగానే ఉన్నాయన్నారు. తుంటి బాగుంది. ఒళ్లు కాస్త వదులు. ఎత్తి చూపించినప్పుడు మీరు రాసినట్టే గాల్లో కుర్చీ వేసింది, నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆరు వారాలకి మళ్లీ రమ్మన్నారు.

తొడ మీద బోర్లా వేస్తే మొదట గోల, ఇప్పుడు మూడు నిమిషాలు ఉంటోంది. స్టీలు పళ్లెం నాకేస్తోంది.

నిజామాబాద్ ఫిజియో

సమంగా ఉన్నాయన్న మాట కోసమే ఎదురుచూశాను. ఇక ఆమె చెప్పినట్టే చెయ్యండి, ఫోన్‌లో వెతకడం ఆపండి. సవరించిన వయసు 18 నెలలు దాటినా ఆసరా లేకుండా నడవకపోతే, మధ్యలో ఎవరు ఏమన్నా మళ్లీ చూపించాలి. ఆ తేదీ క్యాలెండర్‌లో ఇప్పుడే రాసుకోండి. ఇంతకీ ఇంటి వరస ఏం తేలింది?

కాకినాడ అమ్మ

అడిగాను. అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా వారి వంక చూసి "వీడూ దేకేవాడు, మా అరుగు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి" అన్నారు. మరి మూడు నెలలు నన్ను ఎందుకు అడిగారండీ అంటే, గుర్తు రాలేదుట.

నిన్న సాయంత్రం వంటింట్లోంచి మినప్పిండి వాసన. ఏంటి అత్తయ్యగారూ అంటే, "బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, దేకితే ఏం చెయ్యాలో మా అమ్మ చెప్పలేదు. ద అక్షరంతో నాకు ఇదొక్కటే తోచింది" అని మూకుడు మూత తీశారు. దిబ్బరొట్టె.